పికప్ ముక్కు లేపాలంటే: స్పేసరా, స్ప్రింగా, కమాన్ పట్టీనా?

డబుల్ క్యాబ్ పికప్‌ను పక్క నుంచి చూస్తే ముక్కు వాలి, వెనక భాగం లేచి కనిపిస్తుంది. ఇసుజు వీ-క్రాస్ అయినా టొయోటా హైలక్స్ అయినా ఇదే తంతు. కంపెనీవాళ్లు తెలియక చేసిన పని కాదిది. వెనక ట్రేలో నాలుగైదు వందల కిలోలు పడగానే బండి దిగి సమంగా నిలబడాలని, హెడ్‌లైట్లు ఎదురుగా వచ్చేవాడి కళ్లలో కొట్టకూడదని అలా పెడతారు. బండి ఖాళీగా తిరిగినప్పుడే అది ఎబ్బెట్టుగా ఉంటుంది. అందుకే ముక్కు లేపించడానికి వనస్థలిపురం ఆటోనగర్ దారి పట్టే ముందు ఒక్క సంగతి తేల్చుకోండి. మీ బండి వారంలో ఎన్ని రోజులు ఖాళీగా తిరుగుతుంది, ఎన్ని రోజులు బరువు మోస్తుంది?

తెల్లవారుజామున గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కో, బాటసింగారం పండ్ల మార్కెట్‌కో రోజూ లోడ్ వేసుకెళ్లే బండికి ముందు భాగం లేపడం తెలివైన పని కాదు. లోడ్ పడ్డాక ముక్కు ఆకాశం చూస్తుంది, ముందు టైర్లకు పట్టు తగ్గుతుంది, స్టీరింగ్ తేలుతుంది. ఆ బండికి చూడాల్సింది వెనక కమాన్ కట్టల (ఇనుప పట్టీలు పేర్చిన లీఫ్ స్ప్రింగుల) సంగతి. ఇంటి బండిగా తిరుగుతూ, సెలవు రోజున ఇద్దరు ముగ్గురితో అనంతగిరి దాకా వెళ్లొచ్చే బండికైతే ముందు 25 నుంచి 40 మి.మీ. లేపితే చాలు. అంతకు మించి ఎక్కించమనేవాళ్లు దొరుకుతారు. వాళ్లు అమ్మేది ఎత్తు. ఆ ఎత్తు వల్ల అరిగే బాల్ జాయింట్లకు (చక్రాన్ని ఆర్ములకు కలిపే గుండు కీళ్లకు), చిరిగే బూట్లకు (కీళ్ల మీది రబ్బరు తొడుగులకు) డబ్బు మీ జేబులోంచే పోతుంది.

కొలత పట్టకుండా కిట్ కొనొద్దు

ముందు చదునైన నేల కావాలి. అపార్ట్‌మెంట్ సెల్లార్ చదునుగా ఉందనిపిస్తుంది కానీ నీళ్లు పోవడానికి దానికి వాలు పెడతారు. పెట్రోల్ బంకుల ముందు కూడా అంతే. తాపీ మేస్త్రీలు వాడే నీళ్ల పైపు లెవెల్ తీసుకుని, నాలుగు టైర్లు నిలబడే చోట్ల పట్టి చూడండి. 5 మి.మీ. లోపు తేడా ఉంటే ఆ చోటు పనికొస్తుంది. టైర్లలో గాలి డోర్ మీద రాసినంత ఉండాలి, డీజిల్ సగం ట్యాంకు, ట్రే ఖాళీ. బండిని ఒకసారి ముందుకూ వెనక్కూ నడిపి ఆపండి. జాకీ మీంచి దింపిన వెంటనే కొలిస్తే స్ప్రింగులు ఇంకా సర్దుకోక తప్పు లెక్క వస్తుంది.

రెండు రకాల కొలతలు కావాలి. మొదటిది, ప్రతి చక్రం దగ్గరా హబ్ (చక్రం మధ్య భాగం) నడిబొడ్డు నుంచి నిటారుగా పైకి ఫెండర్ అంచు దాకా. నేల నుంచి ఫెండర్‌కు కొలిస్తే టైర్ సైజు, గాలి కూడా లెక్కలో కలుస్తాయి. హబ్ నుంచి కొలిస్తే సస్పెన్షన్ ఒక్కటే తెలుస్తుంది. ఎడమ కుడి తేడాలు, పని ముందూ తర్వాతా వచ్చిన మార్పు ఈ కొలతతోనే పట్టుబడతాయి.

అయితే బండి ఎంత వాలిందో దీంతో తెలియదు. ముందు ఫెండర్ వంపు, వెనక ఫెండర్ వంపు ఒకే ఎత్తులో ఉండవు కదా. ఆ రెండూ సమానం చేయడమే లెవెల్ అనుకుని చాలామంది అవసరానికి మించి ఎత్తిస్తారు. వాలు చూడాలంటే డోర్ల కింద పొడవునా ఉండే సిల్ అంచు పట్టుకోవాలి. ఉదాహరణకు దాని మీద 1,500 మి.మీ. దూరంలో రెండు గుర్తులు పెట్టి నేలకు కొలిచారు. ముందు గుర్తు 20 మి.మీ. కిందికి ఉంది. వీ-క్రాస్ వీల్‌బేస్ 3,095 మి.మీ. 20ని 3,095తో గుణించి 1,500తో భాగిస్తే సుమారు 41 వస్తుంది. అంటే ముందు చక్రాల దగ్గర 41 మి.మీ. లేపితే బండి ఖాళీగా ఉన్నప్పుడు పూర్తిగా సమం అవుతుంది. మీరు చేయించాల్సింది 30. మిగిలిన పది పదకొండు మి.మీ. వాలు అలాగే ఉంచితే వెనక సీట్లో ముగ్గురు ఎక్కి, ట్రేలో సామాను పడ్డప్పుడు బండి సమంగా వస్తుంది.

ఇవే కొలతలు మీ మామూలు లోడ్‌తో ఇంకోసారి పట్టండి. బరువు ఉజ్జాయింపుగా వద్దు, వే బ్రిడ్జి మీద ముందు యాక్సిల్, వెనక యాక్సిల్ విడివిడిగా తూకం వేయించండి. స్ప్రింగు ఎంచుకునేటప్పుడు అమ్మేవాడు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. అడగలేదంటే షాపు మార్చండి.

ముందు భాగం లేపే దారులు

ఇప్పటి డబుల్ క్యాబ్‌లలో ముందు డబుల్ విష్‌బోన్ (చక్రాన్ని పైనొకటి, కిందొకటి పట్టుకునే రెండు ఆర్ములు), షాక్ చుట్టూ కాయిల్ స్ప్రింగు ఉంటుంది. షాక్, స్ప్రింగు కలిసిన ఈ జతనే స్ట్రట్ అంటారు. దీన్ని లేపడానికి చౌక దారి స్పేసర్, అంటే మధ్యలో దూర్చే ఇనుప ముక్క. ఇందులో రెండు రకాలున్నాయి. రెంటికీ కష్టాలు వేర్వేరు, బిల్లు మీద మాత్రం రెంటికీ ఒకటే పేరు.

స్ట్రట్ తలకు, ఛాసిస్‌కు మధ్య పెట్టే స్పేసర్ మొత్తం స్ట్రట్‌నే కిందికి నెడుతుంది. స్ట్రట్ కింది ఆర్మ్‌కు నడిమి ప్రాంతంలో బిగుస్తుంది, చక్రం ఆర్మ్ చివర ఉంటుంది. అందుకే పైన పెట్టిన మందం చక్రం దగ్గర దాదాపు రెట్టింపవుతుంది. 25 మి.మీ. ముక్క పెడితే బండి 45 మి.మీ. పైనే లేస్తుంది. మీకు కావాల్సిన 30కి 16 మి.మీ. ముక్క సరిపోతుంది. "రెండించుల కిట్" అని రాసి ఉంటే ఆ రెండించులు ముక్క మందమా, బండి లేచే ఎత్తా అని అడిగి తీరాలి. ఈ ఒక్క గందరగోళం వల్ల నాలుగించులు లేచిన బండ్లున్నాయి. ఈ స్పేసర్ వల్ల బండి నడిచే తీరు పెద్దగా మారదు, స్ప్రింగు గట్టిదనం అదే. చిక్కంతా చక్రం పూర్తిగా వేలాడినప్పుడు వస్తుంది. గుంత దాటేటప్పుడు చక్రం కంపెనీ అనుకున్నదానికంటే ఇంకా కిందికి జారుతుంది. పై బాల్ జాయింట్ వంగగలిగినంతా వంగి ఆగుతుంది, పై ఆర్మ్ వెళ్లి కాయిల్‌ను గీరుతుంది. నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందే ఫోర్ బై ఫోర్ అయితే సీవీ జాయింట్లు (ముందు చక్రాలను తిప్పే షాఫ్ట్‌ల కీళ్లు) కూడా ఏటవాలుగా తిరుగుతూ బూట్ మడతలు ఒకదాన్నొకటి రాసుకుంటాయి. వెనక చక్రాలకే శక్తి అందే ఫోర్ బై టూలో ముందు యాక్సిల్ షాఫ్ట్‌లే ఉండవు కాబట్టి సీవీ బాధ లేదు, బాల్ జాయింట్ బాధ మాత్రం ఉంటుంది.

రెండో రకం స్పేసర్ స్ప్రింగు మీద, స్ట్రట్ లోపలే కూర్చుంటుంది. స్ట్రట్ పొడవు మారదు కాబట్టి బాల్ జాయింట్‌కు కొత్త ప్రమాదం లేదు. కానీ చక్రం మామూలుగా నిలబడే చోటు షాక్ పూర్తిగా సాగే చోటుకు దగ్గరవుతుంది. కిందికి జారడానికి మిగిలే దూరం తగ్గిపోతుంది. కాలనీ రోడ్ల మీద ఎవరికి వారు పోసుకున్న నిటారు స్పీడ్ బ్రేకర్ దిగగానే ముందు నుంచి "టక్" మని ఇనుప చప్పుడు వస్తుందే, అది షాక్ చివరంటా సాగి ఆగిన చప్పుడు. రోజూ అలా కొట్టుకుంటే షాక్ సీల్ ఎక్కువ కాలం ఆగదు. స్ప్రింగును నొక్కి పెట్టడం వల్ల అది గట్టిపడిందని మెకానిక్ అంటే నమ్మకండి. స్ప్రింగు గట్టిదనం తీగ మందం, చుట్టు వెడల్పు, చుట్ల సంఖ్య మీద ఆధారపడుతుంది.

లేత్ మీద కోయించిన స్పేసర్లు చౌకగా దొరుకుతాయి. తీసుకునేటట్టయితే మూడు బోల్టుల రంధ్రాలు కంపెనీ స్టడ్‌లతో కచ్చితంగా కలవాలి, పై మౌంట్ చుట్టూ పూర్తిగా ఆనాలి. పాత స్టడ్‌లకు పొడుగు నట్లు తొడిగి కింద బోల్టు ముక్కలు కలిపే పద్ధతిని చూడగానే వద్దనండి. వెల్డింగ్ పెట్టిన స్టడ్ అసలే వద్దు.

డబ్బు పెట్టగలిగితే సరైన దారి కొత్త స్ప్రింగు, దానికి తగిన షాక్. ఓల్డ్ మ్యాన్ ఈము, ఐరన్‌మ్యాన్, టఫ్ డాగ్ లాంటి ఆస్ట్రేలియా కంపెనీలు ముందు స్ప్రింగులను మోయాల్సిన అదనపు బరువును బట్టి అమ్ముతాయి. ముందు ఏ బరువూ లేనిదానికి ఒకటి, స్టీల్ బంపర్‌కు ఒకటి, బంపర్‌తో పాటు వించ్ (ఇరుక్కున్న బండిని లాగే తాడు మెషిన్) కూడా ఉంటే ఇంకొకటి. ఇక్కడ మనవాళ్లు చేసే తప్పు ఒకటుంది. "ఎలాగూ కొంటున్నాం కదా, గట్టిదే తీసుకుందాం" అని వించ్ స్ప్రింగు వేయిస్తారు. తీగ 15 మి.మీ. నుంచి 16కి పెరిగితే చాలు, మిగతావన్నీ అంతే ఉంటే గట్టిదనం 29 శాతం పెరుగుతుంది, ఎందుకంటే మందం నాలుగో ఘాతంలో లెక్కకొస్తుంది. ముందు బరువు లేని బండికి ఆ స్ప్రింగు వేస్తే లెక్కకు మించి లేస్తుంది, కూకట్‌పల్లి నుంచి మెహిదీపట్నం వెళ్లొచ్చేసరికి నడుము పట్టేస్తుంది. పైగా బుల్ బార్లు, క్రాష్ గార్డులు చట్టవిరుద్ధమని, వాటిపై చర్య తీసుకోవాలని 2017 డిసెంబర్‌లో కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు రాసింది. పెట్టకూడని గార్డు కోసం స్ప్రింగు కొనడమెందుకు?

వీ-క్రాస్‌వాళ్లకు ఒక ప్రత్యేక హెచ్చరిక. ఈ బండినే డీమ్యాక్స్ పేరుతో అమ్మే బయటి దేశాల్లో కొత్త తరం వచ్చేసింది. మన దగ్గర 2021లో బీఎస్6 ఇంజిన్‌తో వచ్చింది మాత్రం పాత తరం బండే. ఆన్‌లైన్‌లో "2021 డీమ్యాక్స్" అని వెతికి తెప్పిస్తే కొత్త తరం భాగాలు దిగుతాయి, అవి మన బండికి కూర్చోవు. 2012 నుంచి 2020 వరకు బయట అమ్మిన తరానికి సరిపోయేవి అడగండి. ఆర్డర్ పెట్టే ముందు పాత స్ట్రట్ తల దగ్గరి స్టడ్‌ల దూరం, కింది బోల్టు సైజు కొలిచి అమ్మేవాడికి ఫొటోతో పంపితే ఇంకా మంచిది.

టార్షన్ బార్ (కాయిల్‌కు బదులు మెలిపడుతూ స్ప్రింగులా పనిచేసే కడ్డీ) ఉన్న పాత బండ్లలో బోల్టు తిప్పి ఎత్తు పెంచుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. చక్రం గాల్లో ఉన్నప్పుడే బోల్టు తిప్పండి. రెండు వైపులా ఎన్ని చుట్లు తిప్పామని కాకుండా హబ్ నుంచి ఫెండర్ కొలత చూసి ఆపండి. 25 మి.మీ. దాటించొద్దు. షాక్ కిందికి జారే దూరం ఇందులోనూ తగ్గుతుంది.

ఎంత ఎత్తు దాకా ఏ అదనపు భాగం కావాలో ఒక్క మాటలో. 40 మి.మీ. లోపు కంపెనీ పై ఆర్ములతో సరిపోతుంది. 50 దగ్గర ఫోర్ బై ఫోర్‌కు డిఫరెన్షియల్‌ను (శక్తిని రెండు చక్రాలకు పంచే గేర్ల పెట్టెను) 20, 25 మి.మీ. దించే ముక్కలు, బాల్ జాయింట్ కోణం సరిచేసిన పై ఆర్ములు లెక్కలో వేసుకోవాలి. అక్కడికి ఖర్చు రెండింతలు దాటుతుంది, వచ్చే లాభం కంటికి తప్ప బండికి కాదు.

వెనక భాగం: కమాన్ కట్టలు

లెవెల్ చేయడానికి వెనక భాగం దించుదామనే సలహా కూడా వస్తుంది, ఒక పట్టీ తీసేస్తే సరిపోతుందని. మోసే బండికి అది పూర్తిగా తప్పు. తీసిన పట్టీ మోసే బరువు మిగతావాటి మీద పడుతుంది. మెయిన్ పట్టీ కన్ను (చివర చుట్టిన రింగు) దగ్గరో, పట్టీలన్నిటినీ కలిపే సెంటర్ బోల్ట్ రంధ్రం దగ్గరో విరుగుతుంది.

ఎక్కువ బండ్లకు వెనక ఎత్తు పెంచాల్సిన పనే ఉండదు. కమాన్లు కుంగిన పాత బండి అయితే రెండు దారులున్నాయి. ఒకటి కొత్త కట్ట. రెండోది పాత పట్టీలకు మళ్లీ వంపు పెట్టించడం. రాణిగంజ్‌లోనో ఆటోనగర్‌లోనో ఈ పని చేసే పాత కార్ఖానాలు ఉన్నాయి. చల్లగా ఉన్న పట్టీని సుత్తితో కొట్టి వంపు తెచ్చేవాళ్లు కొంత నయం. గ్యాస్ మంటతో ఒక చోట ఎర్రగా కాల్చి వంచి, నీళ్లలో ముంచి ఇస్తే ఆ చోట స్ప్రింగు స్టీల్ గుణం పోతుంది. పట్టీ మీద నీలం, గోధుమ రంగు మచ్చ కనిపించిందంటే అది కాల్చిన పట్టీ. కొన్ని నెలల్లో మళ్లీ వాలిపోతుంది, లేదా ఆ మచ్చ దగ్గరే చీలుతుంది. పట్టీలు విప్పినప్పుడు ఒక్కొక్కదాన్ని గుడ్డతో తుడిచి, సెంటర్ బోల్ట్ రంధ్రం చుట్టూ వెంట్రుకవాసి పగుళ్లేమైనా ఉన్నాయేమో టార్చ్ పెట్టి చూడండి. పగులుంటే వంపు పెట్టించడం దండగ.

వారంలో రెండు మూడు రోజులు లోడ్ ఉండే బండికి ఒక పట్టీ అదనంగా చేర్చడం మంచి మధ్యేమార్గం. పొడుగు పట్టీ మెయిన్ పట్టీ కిందే కూర్చుని మొత్తం కట్టకు బలమిస్తుంది, అయితే ఖాళీ బండిలో కుదుపు పెరుగుతుంది. పొట్టిగా, మందంగా, అట్టడుగున ఉండేది లోడ్ పడ్డాకే పని చేస్తుంది. రెండోదే మేలు. పట్టీ చేర్చాక సెంటర్ బోల్ట్ పొడవు చాలదు, కొత్తది వేయాలి. దాని తల యాక్సిల్ మీది గుంతలో సరిగ్గా దిగిందో లేదో చూడకుండా, కట్టను యాక్సిల్‌కు పట్టి ఉంచే యూ బోల్ట్ బిగిస్తే యాక్సిల్ వంకరగా కూర్చుంటుంది, బండి పక్కవాటుగా పరిగెడుతుంది.

యూ బోల్ట్‌లు ఒకసారి బిగించాక సాగుతాయి. పాతవి మళ్లీ వాడొద్దు, నాలుగూ కొత్తవే. బిగింపు మూలకు మూల, నాలుగు విడతల్లో. నాలుగు కాళ్లూ నట్టు బయట సమానంగా కనిపించాలి. వంద కిలోమీటర్లకు ఒకసారి, ఐదు వందలకు ఇంకోసారి మళ్లీ బిగింపు చూడాలి. వదులుగా ఉన్న యూ బోల్ట్ వల్లే సెంటర్ బోల్ట్ తెగుతుంది, పట్టీల పాపం కాదు.

యాక్సిల్‌కూ కమాన్ కట్టకూ మధ్య ఇనుప దిమ్మె పెట్టడం చౌక. వెనక ఒకటి పెట్టొచ్చు, ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు, ముందు యాక్సిల్‌కు ఎప్పుడూ పెట్టకూడదు. కమాన్ చివరను ఛాసిస్‌కు వేలాడదీసే షాకిల్‌ను పొడుగుది పెడితే దాని పెరుగుదలలో సగమే ఎత్తుగా మారుతుంది, 50 మి.మీ. పొడుగు షాకిల్‌కు 25 మి.మీ. అన్నమాట. ఎలా లేపినా డిఫరెన్షియల్ ముక్కు కోణం మారుతుంది. రెండు ముక్కల ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌కు వెళ్లే షాఫ్ట్) ఉన్న బండిలో కదిలిన వెంటనే, తక్కువ వేగంలో వణుకు వస్తే సెంటర్ బేరింగ్ కోణం చూడాలి. దాని మౌంట్ కింద పల్చటి వాషర్లు వేసి సరిచేస్తారు.

కమాన్ల మీద పెట్టే ఎయిర్ బ్యాగులు ఎప్పుడో ఒకసారి బరువు మోసేవాళ్లకు సౌకర్యంగా ఉంటాయి, గాలి ఎక్కించుకుంటే లేస్తుంది, తీస్తే దిగుతుంది. కానీ కమాన్ కట్ట బరువును ఛాసిస్‌కు రెండు చివర్ల దగ్గర పంచుతుంది. బ్యాగు మాత్రం నడిమధ్య ఒక్క చోట పొడుస్తుంది. ట్రే చివర బరువు వేసి, బ్యాగుల్లో నిండా గాలి పట్టి గుంతల్లో పరిగెత్తిస్తే ఛాసిస్ క్యాబ్ వెనక వంగుతుంది.

కొన్ని బండ్లలో వెనక యాక్సిల్ నుంచి ఛాసిస్ మీది బ్రేక్ వాల్వ్‌కు ఒక సన్నటి రాడ్ ఉంటుంది. వెనక ఎంత బరువుందో చూసి వెనక బ్రేకులకు ఒత్తిడి పంచేది అదే. వెనక భాగం లేపితే వాల్వ్ బండి ఖాళీగా ఉందనుకుని లోడ్‌లోనూ వెనక బ్రేకు తగ్గిస్తుంది. రాడ్‌ను సర్వీస్ మాన్యువల్ కొలతకు సరిచేయాలి. చాలా చోట్ల దీన్ని ఎవరూ పట్టించుకోరు, బ్రేక్ కొడితే ముక్కు దబ్బున వాలడాన్ని సస్పెన్షన్ మీదికి నెట్టేస్తారు.

స్ట్రట్ మార్చే వరస

పని ఎవరు చేసినా పక్కన నిలబడి చూడండి. వరస ఇది. చేతి బ్రేక్ వేసి, వెనక చక్రాలకు అడ్డుకట్టలు పెట్టాలి. వీల్ నట్లు నేల మీదే వదులు చేయాలి. జాకీతో లేపి ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టాలి, జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కిందికి చేయి పెట్టకూడదు. రెండు వైపులా యాంటీ రోల్ బార్ (మలుపుల్లో బండి ఒరగకుండా రెండు వైపులనూ కలిపే కడ్డీ) లింక్ రాడ్లు విప్పాలి. ఒక్క వైపే విప్పితే రెండో వైపు ఈ వైపును పైకి లాగి పట్టుకుంటుంది. నకిల్ (చక్రాన్ని మోసే భాగం) మీద బిగించిన బ్రేక్ హోస్ క్లిప్పు, ఏబీఎస్ వైరు క్లిప్పు తీయాలి. ఇది మర్చిపోయి నకిల్ వదిలేస్తే వైరు లోపల తెగుతుంది. బయటికి బాగానే కనిపించి, పది రోజులకు డాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది. పై బాల్ జాయింట్ విడిపించాక నకిల్‌ను తాడుతో ఛాసిస్‌కు కట్టేయాలి, లేకుంటే అది బయటికి వాలి సీవీ లోపలి జాయింట్‌ను ఊడదీస్తుంది.

ఇప్పుడు స్ట్రట్ పైన మూడు నట్లు. నడిమి పెద్ద నట్టు జోలికి ఎట్టి పరిస్థితుల్లోనూ పోవద్దు. నొక్కి పెట్టిన స్ప్రింగు మొత్తాన్ని పట్టి ఉంచేది ఆ ఒక్క నట్టే. స్ప్రింగును కంప్రెసర్‌లో పెట్టి, పై మౌంట్ వదులై చేత్తో తిరుగుతోందని చూసుకున్నాకే దాన్ని విప్పాలి. రెండు హుక్కుల చౌక కంప్రెసర్ గట్టి స్ప్రింగుల మీద జారుతుంది. గోడకు బిగించిన కంప్రెసర్ ఉన్న షాపుకే స్ట్రట్‌లు పట్టుకెళ్లండి.

విప్పే ముందు మౌంట్ ఏ దిక్కుకు ఉందో పెయింట్ గీత పెట్టుకోవాలి. కొత్త స్ప్రింగు తోక కింది గిన్నెలో ఉండే మెట్టుకు ఆని కూర్చోవాలి. వేలు పెట్టి చూడండి. తోకకూ మెట్టుకూ మధ్య చిన్న సందు ఉంటే పర్వాలేదు. తోక మెట్టు ఎక్కి కూర్చుంటే మాత్రం ఆ వైపు ఎత్తు తేడా వస్తుంది, స్టీరింగ్ తిప్పినప్పుడు స్ప్రింగు కదిలి "టంగ్" మంటుంది.

అన్నీ బిగించేటప్పుడు ఎక్కువగా జరిగే తప్పు కింది ఆర్మ్ బుష్ బోల్టులది. బండి గాల్లో, చక్రం వేలాడుతుండగానే వాటిని పూర్తిగా బిగించేస్తారు. బుష్ రబ్బరు రెండు వైపులా ఇనుముకు అతికి ఉంటుంది. వేలాడే స్థితిలో బిగిస్తే, బండి నేల మీదికి దిగగానే రబ్బరు మెలి తిరిగి శాశ్వతంగా లాగుతూనే ఉంటుంది. ఎత్తు తప్పుగా చూపిస్తుంది, బుష్ కొన్ని వేల కిలోమీటర్లకే చిరుగుతుంది. కాబట్టి నట్లు చేతి బిగువు దాకా వేసి, చక్రాలు తొడిగి, బండి దింపి, ముందు బంపర్ రెండు మూడు సార్లు ఊపి, కొద్దిగా నడిపి, బరువు టైర్ల మీద ఉన్నప్పుడే టార్క్ రెంచ్‌తో మాన్యువల్‌లో ఉన్న అంకెకు బిగించాలి. వెనక షాకిల్, కమాన్ కన్ను బుష్‌లకూ ఇదే నియమం.

అలైన్‌మెంట్, హెడ్‌లైట్లు, కాగితాలు

ముందు భాగం లేచిందంటే టో (పై నుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండటం), క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం వాలు), కాస్టర్ (పక్క నుంచి చూస్తే స్టీరింగ్ తిరిగే ఇరుసు వాలు) మూడూ మారతాయి. మామూలు షాపుల్లో టో ఒక్కటే కట్టి "అయిపోయింది సార్" అని పంపించేస్తారు. త్రీడీ మెషిన్ ఉన్న చోటుకు వెళ్లి మూడింటి ముందు, తర్వాత అంకెల ప్రింట్ అడగండి. లేపడం వల్ల సాధారణంగా కాస్టర్ తగ్గుతుంది. కాస్టర్ తగ్గిన బండిలో మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాదు, ఔటర్ రింగ్ రోడ్డు మీద వేగం అందుకోగానే లేన్‌లో నిలవకుండా అటూ ఇటూ తేలుతుంది. కింది ఆర్మ్ కామ్ బోల్ట్‌తోనో పై ఆర్మ్ షిమ్‌లతోనో కంపెనీ పరిధిలోకి తేవాలి. రానంటే ఎత్తు ఎక్కువైందని అర్థం. స్పేసర్ తగ్గించాలి, అంతే.

హెడ్‌లైట్ల సంగతి చిన్నదనుకుంటారు. లెక్క చూడండి. 3,095 మి.మీ. వీల్‌బేస్ మీద ముందు 35 మి.మీ. లేస్తే బండి 1.13 శాతం పైకి చూస్తుంది. పది మీటర్ల దూరంలో కాంతి 11 సెంటీమీటర్లు పైకి లేస్తుంది. డిప్ లైట్‌ను కిందికి వాల్చి పెట్టేదే పది మీటర్లకు పది పదమూడు సెంటీమీటర్లు. అంటే ఆ వాలు మొత్తం పోయినట్టే, డిప్‌లో ఉన్నా ఎదుటివాడికి హై బీమే. పని మొదలుపెట్టే ముందే గోడకు ఐదు మీటర్ల దూరంలో బండి ఆపి, కాంతి అంచు పడ్డ చోట టేపు అంటించండి. హెడ్‌లైట్ నడిమి ఎత్తు ఎంతో కూడా రాసుకోండి, ఎందుకంటే ఇప్పుడు దీపమే పైకి లేచింది. నేల నుంచి దీపానికి, టేపుకు ఉన్న తేడా పని తర్వాత కూడా అంతే ఉండేలా స్క్రూ తిప్పాలి. డాష్‌బోర్డు మీద హెడ్‌లైట్ ఎత్తు మార్చే చిన్న చక్రం తిప్పి సరిపెడితే లోడ్ వేసిన రోజున తిప్పడానికి ఏమీ మిగలదు.

టైర్లు కూడా పెంచుదామనుకుంటే ముందు లెక్క వేయండి. 255/65 ఆర్ 17 నుంచి 265/70 ఆర్ 17కు మారితే టైరు వ్యాసం ఐదు శాతం పెరుగుతుంది. మీటరు 100 చూపిస్తున్నప్పుడు మీరు నిజంగా 105లో ఉంటారు.

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడాగా అయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్‌ను గట్టిగా సమర్థించింది. పని చేయించే ముందు ఆర్టీఏలో అడిగి తెలుసుకోండి. బీమా కంపెనీకి మెయిల్ పెట్టి జవాబు దాచుకోండి. ప్రమాదం జరిగాక సర్వేయర్ నోట వినేకంటే ఇది నయం. పసుపు నంబర్ ప్లేటు బండి ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్‌కు వెళ్లాలి కాబట్టి దానికి కంపెనీ ఎత్తు దాటించకపోవడమే మేలు. ఇంకో సంగతి, కమాన్ బలం పెంచినంత మాత్రాన ఆర్‌సీలో రాసిన మొత్తం బరువు పెరగదు. యాక్సిల్, బ్రేకులు, ఛాసిస్ పాతవే కదా.

మొదటి వెయ్యి కిలోమీటర్లు

కొత్త స్ప్రింగులు 5 నుంచి 10 మి.మీ. దాకా సర్దుకుంటాయి. పని అయిన రోజే ఎత్తు కాస్త ఎక్కువగా ఉందని కంగారుపడి తగ్గించొద్దు. ఐదు వందల దగ్గర అన్ని నట్లు, వెయ్యి దగ్గర రెండో అలైన్‌మెంట్. ఈ లోపు వినిపించే చప్పుళ్లను విడదీసి చూడాలి. స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు టక్కుమంటే షాక్ చివరంటా సాగుతోంది. పార్కింగ్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలిస్తే టకటకమంటే సీవీ జాయింట్. బూట్ చుట్టూ గ్రీజు చిమ్మిన మరకలుంటే వెంటనే కొత్త బూట్ వేయించండి, దుమ్ము లోపలికి పోయాక జాయింటే మార్చాలి. చిన్న గతుకులకే లోపల గలగలమంటే లింక్ రాడ్ నట్టు వదులు. ముందు టైర్ల లోపలి అంచు అరచేత్తో తడిమితే రంపంలా తగిలిందంటే టో తప్పింది.

వెయ్యి కిలోమీటర్లయ్యాక మొదట కొలిచిన చోటే, అదే గాలి, అదే డీజిల్‌తో హబ్ నుంచి ఫెండర్ దాకా మళ్లీ కొలవండి. ఎడమ కుడి తేడా 8 మి.మీ. లోపు ఉంటే వదిలేయండి. దాటితే ముందు స్ప్రింగు తోకలు, బుష్ బిగింపు చూడాలి. అవి సరిగ్గా ఉండి కూడా కుడివైపు దిగి ఉందంటే, ఎప్పుడూ డ్రైవర్ ఒక్కడే తిరిగే బండ్లలో అది మామూలే. ఆ ఒక్క వైపు స్ట్రట్ తలకు 4 లేదా 5 మి.మీ. పల్చటి ముక్క వేస్తే చక్రం దగ్గర 8, 9 మి.మీ. సర్దుకుంటుంది.